గోలలో పాట మునగకుండా: వైజాగ్‌లో ఇంటి గదిలోనే గిటార్ పాప్ డెమో తీయడం

ఇండీ, అంటే పెద్ద కంపెనీల అండ లేని, బ్యాండ్ల తొలి రికార్డింగులు విన్నవాళ్లలో చాలామందికి ఒక నమ్మకం కుదిరిపోతుంది. చవక మైకు, పాత మెషీను ఉండి, ఫజ్ పెడల్ (గిటారు సౌండ్‌ను గరుకుగా పగలగొట్టే పెట్టె) చివరిదాకా తిప్పేస్తే ఆ సౌండ్ దానంతటదే వస్తుందని. రాదు. వచ్చేది ఉత్త రొద. ఆ పాటల్లో గిటార్ల హోరు ఎంతున్నా రెండోసారి వినేసరికి పల్లవి నోటికొచ్చేస్తుంది. అక్కడ ముందు ట్యూన్ తేల్చుకున్నారు, దానికి చోటు వదిలారు, మిగతా చోటంతా హోరుతో నింపారు. ఏ ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఒక బెడ్‌రూం, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును, గిటారును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), ఒక డైనమిక్ మైకు, 10–15 వాట్ల చిన్న ఆంప్, ఒక ఫజ్ పెడల్ ఉంటే ఈ పని చేయొచ్చు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే. రీపర్ అయితే అరవై రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చు.

నాలుగు ట్రాకుల లెక్క

టాస్కామ్ కంపెనీ 1979లో పోర్టాస్టూడియో 144 తెచ్చింది. మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేసే పెట్టె అది. ఇళ్లలో వాడే డెక్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. ఇందులో దానికి రెట్టింపు నడిచేది. నాలుగు ట్రాకులూ ఒకే దిశలో పరుచుకోవడంతో క్యాసెట్ తిప్పి వేసుకునే అవకాశం లేదు. అంటే అరవై నిమిషాల క్యాసెట్‌లో పట్టేది పదిహేను నిమిషాలే. అమెరికాలో డేటన్ ఊరి బ్యాండ్ గైడెడ్ బై వాయిసెస్ 90ల మొదట్లో తీసిన పాటలు ఎక్కువగా ఇలాంటి ఫోర్‌ట్రాక్ మెషీన్ల మీద పుట్టినవే. చాలా పాటలు రెండు నిమిషాలు కూడా ఉండవు.

నాలుగు చాలకపోతే మూడు ట్రాకులు కలిపి నాలుగో దానిలోకి దించేవారు. దించాక ఆ మూడింటినీ చెరిపి, కొత్త వాయిద్యాలు ఎక్కించేవారు. దించిన ప్రతిసారీ హిస్ (టేపు బుస) పెరుగుతుంది, పై ఫ్రీక్వెన్సీలు మొద్దుబారతాయి. డ్రమ్స్ ఎక్కువయ్యాయనో బేస్ తగ్గిందనో తర్వాత అనిపిస్తే చేసేదేమీ లేదు. అందుకే దించే ముందే పాట ఎలా వినబడాలో తేల్చుకోవాల్సి వచ్చేది.

ల్యాప్‌టాప్‌లో ట్రాకులకు హద్దు లేదు, చిక్కంతా అదే. పదకొండు గిటార్లు పేర్చి, ఏది తీసేయాలో తెలియక ఫైలు మూలన పడేసిన బ్యాండ్లు ఊరూరా ఉంటాయి. కాబట్టి హద్దు మీరే పెట్టుకోండి. డ్రమ్స్, బేస్ కలిపి ఒకటి. ఎడమ గిటారు ఒకటి, కుడి గిటారు ఒకటి. గొంతు ఒకటి. వీటిపైన రెండే రెండు అదనం: ఒక లీడ్ లైను, ఒక ఫీడ్‌బ్యాక్ ట్రాకు. అంతకు మించి కావాలనిపిస్తే ఉన్నదాంట్లో ఒకటి తీసి పెట్టండి.

పాత క్యాసెట్ ఫోర్‌ట్రాక్ కొనాలన్న మోజు మొదటి డెమోకి వద్దు. లోపలి రబ్బరు బెల్టులు ఏళ్లు గడిస్తే సాగిపోతాయి, కొన్ని జిగురులా కరిగిపోతాయి. మన సముద్రపు తేమలో ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. బాగుచేసే చేయి దొరికినా సరిపడే బెల్టు దొరకదు.

గది, కరెంటు, ఉప్పుగాలి

పరుపులు, బొంతలు గోడలకు కట్టేస్తే పక్కింటికి శబ్దం వెళ్లదనుకుంటారు. వెళ్తుంది. బొంత ఆపేది గదిలోపల గోడకు కొట్టి తిరిగొచ్చే శబ్దాన్ని మాత్రమే. గోడ దాటిపోయే శబ్దాన్ని ఆపాలంటే బరువు కావాలి, గాలి సందులు లేకుండా మూయాలి. అపార్ట్‌మెంట్‌లో అది అయ్యే పని కాదు. ఆంప్ సౌండ్ తగ్గించుకుని, వేళ చూసుకోవడమే మార్గం. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 హద్దు. రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. చిన్న ఆంప్ కూడా గదిలో 100 దాటించగలదు. పొద్దున్న పదకొండు నుంచి ఒంటిగంట మధ్య, ఆఫీసులకు వెళ్లేవాళ్లు వెళ్లిపోయి పెద్దవాళ్లు కునుకు తీయకముందు, ఆంప్ పని ముగించేయండి. గొంతు, బేస్ రాత్రికి ఉంచుకోవచ్చు.

బట్టలు నిండా ఉన్న చెక్క వార్డ్‌రోబ్ దొరికితే చిన్న ఆంప్‌ను అందులో పెట్టి, ముందు మైకు నిలబెట్టి, తలుపు వైరు పట్టేంత సందుతో మూయండి. ఆశ్చర్యపోయేంత తేడా ఉంటుంది. ఇనుప బీరువా మాత్రం పనికిరాదు. బేస్ స్వరం పడ్డప్పుడల్లా రేకు గిలగిల్లాడి, ఆ చప్పుడు మైకులో పడుతుంది.

పది అడుగుల చదరపు గదిలో 57 హెర్ట్జ్ దగ్గర ఒక బుంయ్‌మనే మోత పుడుతుంది. గోడకు గోడకు మధ్య దూరమే దానికి కారణం. ఆంప్‌ను మూలకు నెడితే ఆ మోత ఇంకా పెరుగుతుంది. మూల నుంచి కనీసం మూడడుగులు ఇవతలికి లాగి, నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టండి.

ఇక హమ్, అంటే కరెంటు మూలుగు. మన కరెంటు 50 హెర్ట్జ్. హమ్ 50 దగ్గర, 100 దగ్గర కూర్చుంటుంది, ఫజ్ దాన్ని పదింతలు చేస్తుంది. రికార్డు మొదలెట్టే ముందు గిటారు చేతిలో పట్టుకుని, తీగలు మూసి, పది సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేసి వినండి. తర్వాత ఒక్కొక్కటీ ఆపుకుంటూ రండి. మొదటి దొంగ ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్. రెండులోనో మూడులోనో ఉన్నప్పుడు గరగరలాడుతుంది, ఐదులో పెడితే చాలావరకు తగ్గుతుంది, ఆపేస్తే పోతుంది. రెండో దొంగ ల్యాప్‌టాప్ చార్జర్. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. మూడోది చవక ఎల్‌ఈడీ బల్బు. ఇవన్నీ అయ్యాక కూడా సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను పట్టే ఒకే చుట్ట పరికరం) మూలుగుతుంటే కుర్చీతో సహా మెల్లగా తిరగండి. ఒక దిక్కున హమ్ బాగా పడిపోతుంది. ఆ దిక్కున నేల మీద టేపు ముక్క అంటించి, టేకులన్నీ అలాగే కూర్చుని వాయించండి.

ఆంప్, ఇంటర్‌ఫేస్, మానిటర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకోండి. రెండు గదుల ప్లగ్గుల నుంచి తీసుకుంటే ఎర్త్ లూప్ పడి ఇంకో రకం హమ్ మొదలవుతుంది. హమ్ పోవడానికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు. ఆ పని చేయొద్దు. చేత్తో తీగలు పట్టుకుని ఉండగా పెదవులకు మైకు జాలీ తగిలినప్పుడు చిమచిమ అనిపిస్తే అక్కడితో ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారితే ఆ రోజు గిటారు పని కట్టేయడమే మంచిది. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల గరగర ఏ ఫిల్టర్‌కూ లొంగదు.

బయటి చప్పుళ్లు పేటను బట్టి మారతాయి. మర్రిపాలెం, కంచరపాలెం వైపు రైళ్లు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు చుట్టుపక్కల విమానాలు. కిర్లంపూడి, బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు నేవీ డే విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాది డిసెంబరు మొదటి వారంలో గొంతు రికార్డింగ్ పెట్టుకోకపోవడమే మేలు. రిహార్సల్ హెలికాప్టర్లు ఏ టేకులో దూరతాయో చెప్పలేం. ఫజ్ గిటారుకు ఇవేవీ అడ్డు కావు, గొంతుకే అడ్డు.

ఉప్పుగాలికి ముందు బలయ్యేవి సన్న తీగలు. మొదటి మూడు తీగల మీద వేలు జార్చితే గరుకు తగిలిందంటే తుప్పు మొదలైనట్టే. అలాంటి తీగ మెరుపు కోల్పోవడమే కాదు, పై ఫ్రెట్లలో శ్రుతి కూడా తప్పుతుంది. రికార్డింగుకు ముందురోజు కొత్త సెట్టు, 10–46 మందంది, వేసి బాగా లాగి వదలండి. కోటెడ్ తీగలు ఖరీదెక్కువైనా బీచ్‌కు దగ్గర్లో ఉండేవాళ్లకు గిట్టుబాటు అవుతాయి. వాల్యూం నాబ్ తిప్పితే బరబరమంటే కాంటాక్ట్ క్లీనర్ చుక్క వేసి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. కండెన్సర్ మైకు ఉంటే సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసి ఉంచండి. తేమ పట్టిన క్యాప్సూల్ చిటపటలాడుతుంది.

ఫజ్‌లో కార్డు ఎందుకు చెడుతుంది

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఈ (E) మేజర్ కార్డు క్లీన్‌గా, అంటే ఫజ్ లేకుండా, మీటితే తీయగా ఉంటుంది. అదే కార్డు ఫజ్‌లో పెడితే బురదబురదగా అవుతుంది. డిస్టార్షన్ రెండు స్వరాలు తీసుకుని, వాటి ఫ్రీక్వెన్సీల తేడాతో మూడో స్వరం ఒకటి కింద పుట్టిస్తుంది. ఈ (E) స్వరం 164.8 హెర్ట్జ్, దానిపై పంచమం బీ 246.9. తేడా 82.1. కింది ఈ (E) 82.4. దాదాపు కలిసిపోయింది, అందుకే పవర్ కార్డు (షడ్జం, పంచమం మాత్రమే ఉన్న కార్డు) ఫజ్‌లో గంభీరంగా మోగుతుంది. ఇప్పుడు కార్డును మేజర్ చేసే అంతర గాంధారం చూడండి. గిటారు మీద జీ షార్ప్ 207.7. ఈ (E)తో తేడా దాదాపు 43. కింద ఉండాల్సిన ఈ (E) 41.2. పుట్టిన స్వరం అర ఫ్రెట్ దూరం కన్నా ఎక్కువ పైకి తప్పిపోయింది. గిటారు ఫ్రెట్ల అమరికలో గాంధారం, సహజంగా పలకాల్సిన చోటు కన్నా దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే ఒక ఫ్రెట్ దూరంలో నూరో వంతు) ఎక్కువ ఉండటమే ఇందుకు మూలం. క్లీన్ సౌండ్‌లో చెవి దాన్ని క్షమిస్తుంది, ఫజ్ క్షమించదు.

అలాగని గాంధారం వదిలేస్తే పాట మెటల్ వైపు జారిపోతుంది. గిటార్ పాప్‌కు తీపి దాంతోనే. కాబట్టి కార్డును చీల్చి వాయించాలి. ఎడమ గిటారు షడ్జం, పంచమం మాత్రమే వాయిస్తుంది, నిండా ఫజ్‌తో. గాంధారాన్ని లీడ్ గిటారుకో గొంతుకో అప్పగించండి. ఒక్కో తీగ ఒక్కో టేకులో ఫజ్‌లోకి వెళితే వాటి మధ్య తేడా స్వరం పుట్టదు. చివర మిక్స్‌లో కలిసినప్పుడు చెవికి పూర్తి మేజర్ కార్డే వినబడుతుంది.

రెండో గిటారుకు కొత్త కార్డులు నేర్వక్కర్లేదు. ఈ (E) శ్రుతిలో పాట అనుకోండి. పవర్ కార్డు ఆకారాన్ని ఆరో తీగ నుంచి పట్టుకుని జరుపుతూ, పై రెండు తీగలూ ఖాళీగా మోగనివ్వండి. ఏ (A) కార్డు కోసం ఆరో తీగ నుంచి వరసగా 5, 7, 7 ఫ్రెట్లు. మూడో తీగను వేలి కడుపుతో తాకి మూసేయాలి, ఆపై రెండూ ఖాళీ. బీ కోసం 7, 9, 9. సీ షార్ప్ మైనర్ కోసం 9, 11, 11. కింద కార్డులు మారుతున్నా పైన బీ (B), ఈ (E) తీగలు కదలకుండా మోగుతూనే ఉంటాయి. ఈ (E) షడ్జమైతే బీ పంచమం. కచేరీలో వెనక తంబూరా చేసే పనే ఇక్కడ ఆ రెండు తీగలు చేస్తాయి. ఈ జానర్‌లో వినబడే ఆ మెరుపు హోరులో సగం ఇదే. కర్ణాటక సంగీతం నేర్చుకున్న చెవికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. శంకరాభరణం ఆరోహణ పాడగలిగినవాళ్లకు ఈ కార్డుల మీద పల్లవి కట్టడానికి వేరే థియరీ పుస్తకం అక్కర్లేదు.

మూడో తీగ మూయడం మర్చిపోతే ఖాళీ జీ స్వరం దూరుతుంది. ఈ (E) మేజర్ పాటలో అది సాధారణ గాంధారం, అంటే మైనర్ రంగు. ఫజ్‌లో ఎక్కడ తప్పు జరిగిందో కనిపెట్టలేరు, కార్డు మాత్రం పుల్లగా ఉంటుంది. టేకుకు ముందు క్లీన్ సౌండ్‌లో నాలుగు కార్డులూ మెల్లగా తీగతీగా మీటి చూసుకోండి.

ఎడమ టేకునే కాపీ చేసి కుడివైపు పెట్టకండి. రెండూ అచ్చం ఒకటే అయితే చెవికి మధ్యలో గట్టిగా ఒక గిటారు వినబడుతుంది, వెడల్పు రాదు. మళ్లీ వాయించాల్సిందే. రెండో టేకుకు పికప్ మార్చండి. లేదా నాలుగో ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్‌లో నొక్కిపట్టే క్లిప్పు) బిగించి సీ, ఎఫ్, ఎ మైనర్, జీ ఆకారాల్లో వాయించండి, అవే ఈ (E), ఏ (A), సీ షార్ప్ మైనర్, బీ అవుతాయి. కాపో టేకులో గాంధారాలు నిండా ఉంటాయి కాబట్టి ఆ గిటారుకు ఫజ్ వద్దు, అంచు మీద పగిలేంత ఓవర్‌డ్రైవ్ చాలు. రెండు టేకుల మధ్య టైమింగ్ కాస్త అటూ ఇటూ అయినా అందమే, కానీ లైను చివర ఆపే చోట రెండూ ఒక్కసారే ఆగాలి. ఆ కోతలు శుభ్రంగా ఉంటే మధ్యలో ఎంత గోలైనా బ్యాండ్ గట్టిదనిపిస్తుంది.

శ్రుతి ప్రతి టేకుకూ చూసుకోండి. ట్యూనర్ ముందు సుతారంగా మీటి, రికార్డింగులో బలంగా కొడితే ప్రతి స్వరం కొంచెం పైకి పోతుంది. వాయించేంత బలంతోనే ట్యూన్ చేయాలి. ఏసీ వేసి గది చల్లబరచి, ఆపి, రికార్డు చేస్తుంటే పావుగంటకే తీగలు జారతాయి. ఉక్కపోతైనా సరే, ఒకే ఉష్ణోగ్రతలో ఉండటం మేలు.

ఫజ్, ఆంప్, మైకు

ఫజ్ నాబ్ పదిలో ఆరు దాటకండి. రెండు మూడు గిటార్లు పేర్చినప్పుడు గెయిన్ కూడుతూ పోతుంది. ఒక్కటే వింటే కాస్త పలచగా ఉందనిపించాలి, కలిపాక సరిపోతుంది. ఒక్కటే విన్నప్పుడే బ్రహ్మాండంగా ఉందంటే మిక్స్‌లో ముద్దయిపోతుందని లెక్క.

జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్‌లకు పేరు ఎక్కువ, వైజాగ్ మే నెలలో ఓర్పు తక్కువ. వేడెక్కితే ఆ ట్రాన్సిస్టర్లలో లీకేజీ పెరిగి బయాస్ తప్పుతుంది. సౌండ్ మూసుకుపోయి, స్వరం చివర తుంపులు తుంపులుగా తెగుతుంది. సిలికాన్ ఫజ్‌లకు ఈ బెడద చాలా తక్కువ. బిగ్ మఫ్ జాతివి, ర్యాట్ జాతివి మన వాతావరణంలో నిలకడగా పనిచేస్తాయి. ఏ ఫజ్ అయినా గిటారుకు మొదటి పెడల్‌గా పెట్టి, గిటారు వాల్యూం ఎనిమిదిలో ఉంచండి. చరణంలో ఐదుకు తగ్గిస్తే చాలు, పెడల్ ఆపకుండానే గరుకు తగ్గుతుంది.

రీవర్బ్‌ను (ప్రతిధ్వని ఇచ్చే పెడల్) ఫజ్ ముందు పెడితే ప్రతిధ్వని కూడా ఫజ్ అవుతుంది, అంతా అలలా కమ్మేస్తుంది. మై బ్లడీ వాలెంటైన్ గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ రివర్స్ రీవర్బ్ పెట్టుకుని, ట్రెమోలో ఆర్మ్ (తీగలను వదులు చేసి బిగించే పిడి) చేత్తో పట్టుకునే స్ట్రమ్ చేసి ఆ ఊగే శ్రుతి తెచ్చాడు. ప్రయత్నించండి గానీ ఒక్క పొరలోనే. గిటార్లన్నీ ఊగితే గొంతుకు నిలబడే నేల ఉండదు.

మైకు షూర్ ఎస్‌ఎం 57 లాంటి డైనమిక్ అయితే చాలు. ఫోన్ టార్చి వేసి ఆంప్ ముందున్న గుడ్డ వెనక స్పీకర్ కోన్ ఎక్కడుందో చూడండి. మధ్యలో గుండ్రటి డస్ట్ క్యాప్ అంచు దగ్గరకు గురిపెట్టి, గుడ్డకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో మైకు పెట్టండి. కరుకు ఎక్కువైతే ఈక్వలైజర్ ముట్టకుండా మైకును రెండు సెంటీమీటర్లు కోన్ బయటి అంచు వైపు జరపండి. గది సౌండ్ కోసం రెండో మైకు మీటరు దూరంలో పెట్టాలని చాలామందికి ఉబలాటం. అక్కడికి శబ్దం సుమారు 2.8 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, రెండూ కలిపితే 180 హెర్ట్జ్ చుట్టూ గిటారు పొట్ట ఖాళీ అవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకును అంత ముందుకు జరపండి, లేదా రెండో మైకు మానేయండి. రెండోదే నా సలహా.

రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకుని, గట్టిగా వాయించినప్పుడు లెవెల్ మీటరు మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా చూడండి. ఇంటర్‌ఫేస్‌లో ఎర్ర లైటు వెలిగితే ఆ పగులుడు టేపు మీద పగిలినట్టు ఉండదు, పళ్లు జివ్వుమనేలా ఉంటుంది. సౌండ్ పగలాల్సింది పెడల్‌లో, ఆంప్‌లో. ఆంప్ వీలుకాక నేరుగా ఇంటర్‌ఫేస్‌కు గుచ్చేట్టయితే ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్ నొక్కడం మరవద్దు, లేకపోతే పికప్ మొద్దుబారి, ఏ ప్లగిన్ పెట్టినా దుప్పటి కప్పినట్టే వినబడుతుంది.

ఫీడ్‌బ్యాక్‌కు మాత్రం నిజం ఆంప్ కావాల్సిందే. అడుగు నుంచి రెండడుగుల దూరంలో స్పీకర్‌కు ఎదురుగా నిలబడి, మూడో తీగ నాలుగో ఫ్రెట్ మీద బీ పట్టి, కోణం మెల్లగా మారుస్తూ పోండి. ఒక చోట స్వరం చావకుండా నిలబడి, కాసేపటికి పై స్థాయిలోకి ఎగురుతుంది. నిలబడనని మొండికేస్తే గిటారు తలను ఆంప్ పెట్టెకు ఆనించండి. అరనిమిషం చొప్పున మూడు టేకులు తీసి, బాగున్న ముక్కలు పల్లవి చివర, పాట ముగింపులో అతికించండి. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ లేకుండా ఈ పనికి దిగొద్దు.

డ్రమ్స్, బేస్

అపార్ట్‌మెంట్‌లో డ్రమ్ కిట్ ఊసెత్తొద్దు. గంటల లెక్కన దొరికే జామ్ రూంకు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి రెండు గంటల్లో ముగించండి. రెండు ఇన్‌పుట్లే ఉన్నాయి కాబట్టి ఒక మైకు కిక్ డ్రమ్ ముందు, రెండోది స్నేర్‌కు సరిగ్గా మీటరు పైన, స్నేర్‌కు కిక్‌కు నడుమకు గురిపెట్టి. డ్రమ్మర్‌కు ఒక్క మాట గట్టిగా చెప్పాలి: స్నేర్ బాదు, సింబల్స్ తాకీ తాకనట్టు కొట్టు. సింబల్, ఫజ్, గొంతులోని హల్లులు ఒకే చోట కొట్టుకుంటాయి. పల్లవిలో క్రాష్ సింబల్ అదేపనిగా మోగితే గిటార్లు ఎంత బాగా తీసినా దండగ. డ్రమ్మర్ దొరక్కపోతే డ్రమ్ మెషీన్ శబ్దాన్ని అదే గిటారు ఆంప్‌లోంచి వినిపించి మైకుతో మళ్లీ పట్టుకోండి, ప్లాస్టిక్ వాసన చాలా తగ్గుతుంది.

వేగం 132 పెట్టుకుంటే 80 బార్లకు 2 నిమిషాల 25 సెకన్లు వస్తుంది. ఈ తరహా పాటకు అంతకన్నా అక్కర్లేదు.

బేస్ నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి, పిక్‌తో. షడ్జాలు తప్పకుండా పట్టుకోవాలి, ఎందుకంటే గిటార్లను 100 హెర్ట్జ్ కింద కోసేస్తాం. గరుకు కావాలంటే ట్రాకు కాపీ చేసి, కాపీకి 300 కింద కోసి దాన్ని మాత్రమే డిస్టార్ట్ చేయండి. అసలుది క్లీన్‌గానే ఉండనివ్వండి.

హోరులో తెలుగు పాడటం

సినిమా పాటలకు అలవాటుపడ్డ చెవికి గొంతు అన్నిటికన్నా ముందు ఉండాలి. ఈ జానర్‌లో గొంతు గిటార్లకు ఒక అడుగు వెనక నిలబడుతుంది. నిలబడొచ్చు, కానీ హుక్ లైను (నోటికి పట్టే లైను) మాటలు సౌండ్ బాగా తగ్గించి విన్నా తెలియాలి. అది మిక్స్‌లో కన్నా రాసేటప్పుడే తేలిపోతుంది.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఈ సంగీతానికి బాగా అమరుతాయి. అచ్చు సాగుతుంది, హల్లు సాగదు. పొడుగు స్వరం ఎక్కడ పడుతుందో అక్కడ దీర్ఘం పడేలా రాయండి. ఏ దీర్ఘమైనా ఒకటే కాదు. ఈ, ఏ శబ్దాల్లో రెండు వేల హెర్ట్జ్ పైన బలం ఉంటుంది, ఫజ్‌ను చీల్చుకుని వస్తాయి. ఊ కింద కింద తిరుగుతుంది, గిటార్లలో మునిగిపోతుంది. పల్లవి చివర "చూడు" అని ఆపడం కన్నా "రావే" అని ఆపితే అదే గొంతు, అదే లెవెల్లో రెట్టింపు వినబడుతుంది. ఒత్తులతో ఇంకో ఇబ్బంది. "పట్టు"లో ట్ట దగ్గర గొంతు ఒక క్షణం ఆగాలి, ఆ ఖాళీయే ఒత్తు. వెనక ఫజ్ ఆ ఖాళీని పూడ్చేస్తుంది, వినేవాడికి "పటు" అనిపిస్తుంది. ఒత్తులెక్కువ ఉన్న లైన్లు గిటార్లు పలచగా ఉండే చరణంలో పెట్టండి.

మైకుకు నాలుగు వేళ్ల దూరంలో, తెరిచిన బట్టల అల్మరా వైపు మొహం పెట్టి పాడండి. ఫ్యాన్ ఆపాల్సిందే, పక్కన తువ్వాలు ఉంచుకోండి. ఒకసారి పూర్తిగా పాడాక అదే మళ్లీ పాడి రెండూ కలపండి. రెండో టేకులో స, శ, ష అక్షరాలను దాదాపు మింగేయండి, లేకపోతే రెండు సకారాలు ముందూ వెనకా పడి బుసకొడతాయి. డిలే 114 మిల్లీసెకన్లు, ఒక్కసారే తిరిగొచ్చేలా. 132 వేగానికి అది సరిగ్గా పదహారో భాగం, బీట్‌లో కూర్చుంటుంది.

మిక్స్

ముందు అంతా మోనోలో (ఎడమ, కుడి ఒకటిగా కలిపి), చిన్న సౌండ్‌తో వినండి. అప్పుడు బాగుంటే స్టీరియోలో బాగుండకపోవడం అరుదు. ఎడమ, కుడి గిటార్లను చివరిదాకా తోసేయండి. రెండింటిలోనూ 2.5 కిలోహెర్ట్జ్ చుట్టూ మూడు డీబీ వెడల్పుగా తగ్గించండి, గొంతు ఆ గుంటలో కూర్చుంటుంది. పల్లవి రాగానే గిటార్లు ఒకటిన్నర డీబీ పెంచితే చాలు, గేటు తెరిచినట్టుంటుంది. నాయిస్ గేట్ ప్లగిన్‌తో గిటార్ల మధ్య హిస్ కోసేయాలన్న ఆశ మానుకోండి. హోరు ఒక్కసారిగా తెగి మళ్లీ మొదలైతే చెవి అక్కడే ఆగిపోతుంది. పాట మొదట్లో, చివర్లో చేత్తో ఫేడ్ చేస్తే సరిపోతుంది.

క్యాసెట్ గుణం కావాలంటే మొత్తం మీద కొంచెం టేప్ శాచురేషన్, 14 కిలోహెర్ట్జ్ పైన మెల్లగా కోత. పూర్తయ్యాక లిమిటర్ (సౌండ్ పై హద్దు దాటకుండా ఆపే ప్లగిన్) మూడు డీబీ మించి పనిచేయకుండా, పై హద్దు మైనస్ 1 దగ్గర. స్పాటిఫై ఎలాగూ మైనస్ 14 లఫ్స్‌కు (చెవికి వినబడే గట్టిదనం కొలత) దించుతుంది కాబట్టి పిండిపిండి గట్టిగా చేసినా వినేవాడి దగ్గర గట్టిగా రాదు, చదునుగా మాత్రం వస్తుంది.

పరీక్షలు మూడు. ఫోన్ స్పీకర్‌లో బేస్ దాదాపు వినబడదు, ట్యూన్ వినబడుతోందా? కారులో, బేస్ గిటార్లను మింగుతోందా? ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మధురవాడ వెళ్లే సిటీ బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో, హుక్ లైను మాటలు తెలుస్తున్నాయా? మూడోది పాసైతే గొంతు లెవెల్ ఇక ముట్టకండి.

ఆంప్ నాబ్‌లు, పెడల్ నాబ్‌లు, మైకు పెట్టిన చోటు ఫోన్‌తో ఫొటో తీసి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే పడేయండి. ఒక లైను మళ్లీ వాయించాల్సి వస్తే అవి లేకుండా అదే సౌండ్ తేలేరు. ట్రాకులు విడివిడిగా 24 బిట్ వేవ్ ఫైళ్లుగా, అన్నీ ఒకే మొదటి సెకను నుంచి మొదలయ్యేలా ఎక్స్‌పోర్ట్ చేసి, ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, బయటి డిస్క్‌లో ఒక కాపీ ఉంచండి. ఎంపీత్రీ మాత్రం స్నేహితులకు వాట్సాప్‌లో పంపడానికే.